గుండెలో గడ్డ, ఆపైన పక్షవాతం: ఏ మందు, ఎప్పుడు, ఎంతకాలం?

ఆ అబ్బాయి రెండు కవర్లు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఒకదాని మీద "గుండె" అని, రెండోదాని మీద "నరాలు" అని పెన్నుతో రాసుకున్నాడు. వాళ్ల నాన్నకు 54 ఏళ్లు. ఛాతీలో మంట వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి, మజ్జిగ తాగి రాత్రంతా గడిపారు. మర్నాడు ఆసుపత్రికి వెళ్తే గుండెపోటు అని తేలింది. స్టెంట్ వేసి నాలుగో రోజు ఇంటికి పంపారు. తొమ్మిదో రోజు పొద్దున ఆయన చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది, కుడిచెయ్యి లేవలేదు. పక్షవాతం. మళ్లీ ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండె కొనలో రక్తం గడ్డ కనిపించింది.

గుండె డాక్టరు రక్తం పల్చబడే మందు వెంటనే మొదలుపెట్టాలన్నారు. నరాల డాక్టరు వారం ఆగాలన్నారు. "ఎవరి మాట వినాలి సార్?" అని అడిగాడా అబ్బాయి.

ఇద్దరూ తమ వైపు నుంచి చూసి సరైన మాటే చెప్పారు, చిక్కంతా అక్కడే ఉంది. మందు ఇవ్వకపోతే గుండెలో మిగిలిన గడ్డ ముక్క ఇంకొకటి ఊడి మళ్లీ మెదడుకు వెళ్లవచ్చు. తొందరపడి ఇస్తే, అప్పటికే దెబ్బతిని మెత్తబడిన మెదడు భాగంలోకి రక్తం కారవచ్చు. నేను జనరల్ ఫిజీషియన్‌ని. స్టెంట్ వేసేది, మెదడు స్కాన్ చూసి తుది మాట చెప్పేది నేను కాదు. కానీ పెద్ద ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ కవర్లు పట్టుకుని జనం వచ్చేది మాలాంటి వాళ్ల దగ్గరికే. అందుకే కుటుంబం ముందుకొచ్చే ఎంపికలు ఏమిటో, ఏది ఎవరికి నప్పుతుందో రాస్తున్నాను. ఇది చదివి సొంతంగా ఒక్క మాత్ర కూడా మార్చకండి. డాక్టరును ఏమడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

గడ్డ అంటే ఏ గడ్డ?

ముందు ఒక భయం తీర్చాలి. "గుండెలో గడ్డ" అనగానే చాలామంది క్యాన్సర్ అనుకుని హడలిపోతారు. ఇది కణితి కాదు, పేరుకుపోయిన రక్తం. గుండె ముందు భాగానికి రక్తం అందించే పెద్ద నాళం మూసుకుపోతే ఎడమ జఠరిక (ఒళ్లంతటికీ రక్తం పంపే గుండె గది) కొన కదలడం మానేస్తుంది. కాలువ చివర నీరు నిలిచిపోయి పాచి పట్టినట్టు, కదలని ఆ మూలలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. గుండెపోటు వచ్చిన మొదటి రెండు వారాల్లోనే ఇది ఎక్కువగా జరుగుతుంది. నాళం తెరవడం ఎంత ఆలస్యమైతే అంత కండరం చచ్చిపోతుంది, గడ్డ కట్టే అవకాశం అంత పెరుగుతుంది. పైన చెప్పిన పెద్దాయన సోడా తాగి గడిపిన ఆ రాత్రి ఖరీదు ఇదే.

మొదటి గంటలు: ఏ ఆసుపత్రికి?

స్టెంట్ వేయించుకున్న మనిషికి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా ఇంట్లోవాళ్ల మనసు స్టెంట్ వేసిన ఆసుపత్రి వైపే పోతుంది. అది మూడు గంటల దూరంలో ఉంటే అటు వెళ్లకండి. 24 గంటలూ సీటీ స్కాన్, పక్షవాతానికి ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు ఉన్న చోటు ఏది దగ్గరైతే అక్కడికి వెళ్లండి. 108కి ఫోన్ చేసినప్పుడు "ఇటీవల గుండెపోటు వచ్చింది, ఇప్పుడు పక్షవాతం లక్షణాలు" అని రెండూ చెప్పండి. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు మెదడులో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్క. ఆ లెక్క ముందు పాత ఆసుపత్రి మీద నమ్మకం చిన్న విషయం.

అక్కడ రెండు దారులుంటాయి. ఒకటి, గడ్డ కరిగించే ఇంజెక్షన్. మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తారు. రెండోది, తొడ దగ్గరి నాళం ద్వారా సన్నటి గొట్టం పంపి మెదడులోని గడ్డను బయటికి లాగేయడం. పెద్ద నాళం మూసుకుపోయిన వాళ్లకు, స్కాన్‌లో ఇంకా బతికే మెదడు భాగం కనిపిస్తే, దీన్ని 24 గంటల వరకూ చేయవచ్చు.

గుండెపోటు తాజాగా వచ్చిన మనిషికి ఈ రెండింటి మధ్య తూకం మారుతుంది. ముందు భాగంలో పెద్ద గుండెపోటు వచ్చి రోజులే అయితే, కరిగించే ఇంజెక్షన్ వల్ల గుండె చుట్టూ ఉన్న పొరలోకి రక్తం చేరే ప్రమాదం కొంత ఉంటుంది. అందుకని ఇంజెక్షన్ అసలు ఇవ్వకూడదని కాదు. పక్షవాతం తీవ్రంగా ఉంటే ఆ ముప్పును ఒప్పుకునే ఇస్తారు. అయితే రక్తం పల్చబడే మందు అప్పటికే వాడుతున్న వాళ్లకు చాలాసార్లు ఇంజెక్షన్ ఇవ్వడం కుదరదు. గొట్టంతో లాగే పద్ధతి మాత్రం వాళ్లకూ కుదురుతుంది. కాబట్టి మీకు దగ్గరి పట్టణంలో ఆ సౌకర్యం ఎక్కడుందో గుండెపోటు వచ్చి ఇంటికొచ్చిన రోజే కనుక్కుని పెట్టుకోండి. డిశ్చార్జి కాగితం, వాడుతున్న మాత్రల ఫొటో ఫోనులో ఉంచుకోండి. చివరిసారి మనిషి మామూలుగా ఉన్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకోండి. నిద్రలేచేసరికి పక్షవాతం కనిపిస్తే, రాత్రి పడుకునే ముందు బాగున్న సమయమే లెక్క.

ఇంకో ముఖ్యమైన తేడా. ఛాతీనొప్పి వస్తే ఆస్పిరిన్ నమలమంటారు. పక్షవాతానికి ఇంట్లో ఆస్పిరిన్ వేయొద్దు. అది నాళం మూసుకుపోయి వచ్చిందా, చిట్లి వచ్చిందా అన్నది సీటీ చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. గుండెపోటుకు కరిగించే ఇంజెక్షన్ తీసుకున్న మనిషికి ఒకటి రెండు రోజుల్లో చెయ్యి పడిపోతే మెదడులో రక్తస్రావమేనేమో అని ముందు అనుమానించాలి. బీపీ ఎక్కువుందని ఇంట్లో బీపీ మాత్రలు అదనంగా వేయడం, మింగలేని మనిషికి నోట్లో నీళ్లు పోయడం కూడా వద్దు. పసరు పోసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఆ నాలుగున్నర గంటలూ పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఏ స్కాన్ నమ్మాలి?

గుండెపోటు వచ్చిన మొదటి రోజు తీసిన ఎకోలో "గడ్డ లేదు" అని ఉంటే అది ఆ రోజు సంగతి మాత్రమే. ముందు భాగంలో పెద్ద గుండెపోటు వచ్చి పంపింగ్ బాగా తగ్గిన వాళ్లకు ఇంటికి పంపే ముందు, లేదా రెండు వారాల దగ్గర ఇంకో ఎకో అవసరమా అని అడగండి. మామూలు ఎకోలో కొన భాగం సరిగ్గా కనపడక చిన్న గడ్డలు తప్పిపోతుంటాయి. కాంట్రాస్ట్ ఎక్కించి చేసే ఎకో అంతకంటే బాగా పట్టుకుంటుంది. గుండె ఎమ్మారై అన్నింటికంటే బాగా పట్టుకుంటుంది, కానీ ఖరీదు, అన్నిచోట్లా దొరకదు. ఎకోలో గడ్డ స్పష్టంగా కనిపించాక మళ్లీ ఎమ్మారై కోసం అప్పు చేయక్కర్లేదు. పక్షవాతం వచ్చింది, గుండె కొన కదలడం లేదు, ఎకోలో మాత్రం ఏమీ కనపడలేదు అన్నప్పుడు ఎమ్మారైకి విలువుంటుంది. ఇప్పటి స్టెంట్ ఉన్నవాళ్లకు ఎమ్మారై చేయవచ్చు, ఆ భయం పెట్టుకోకండి.

వెంటనేనా, ఆగాలా?

ఇక్కడే ఆ రెండు కవర్లు ఎదురెదురు నిలబడ్డాయి. చాలా ఏళ్లుగా డాక్టర్లు 1-3-6-12 అనే లెక్క పాటించారు. లక్షణాలు వచ్చి పూర్తిగా పోతే ఒక రోజు, చిన్న పక్షవాతమైతే 3 రోజులు, మధ్యస్థమైతే 6, పెద్దదైతే 12 రోజులు ఆగి రక్తం పల్చబడే మందు మొదలుపెట్టేవాళ్లు. అది అనుభవం మీద కట్టిన లెక్కే తప్ప పరీక్షించి తేల్చింది కాదు. 2023లో వచ్చిన ఎలాన్ అనే పరిశోధన సుమారు 2,000 మందిలో దీన్ని పరీక్షించింది. చిన్న, మధ్యస్థ పక్షవాతానికి 48 గంటల్లో, పెద్దదానికి 6 లేదా 7వ రోజున మొదలుపెట్టినా మెదడులో రక్తస్రావం పెరగలేదు. 2024లో బ్రిటన్‌లో జరిగిన ఆప్టిమాస్ కూడా, నాలుగు రోజుల్లోపు మొదలుపెడితే ఆలస్యంగా మొదలుపెట్టిన దానికంటే నష్టమేమీ లేదని చూపించింది.

అయితే ఆ పరిశోధనల్లో ఉన్నవాళ్లంతా గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగులు. వాళ్లు వాడినవి రక్తం పల్చబడే మందుల్లో కొత్తరకం మాత్రలు. గుండెపోటు తర్వాత కొనలో గడ్డ ఉండి, పైన స్టెంట్ మాత్రలు కూడా వాడుతున్న మనిషికి ఆ ఫలితాలను ఉన్నదున్నట్టు అతికించలేం. అందుకే డాక్టర్లు రెండు వైపులా చూస్తారు. మెదడులో ఎంత భాగం దెబ్బతింది, అందులో అప్పటికే రక్తం చేరిందా అన్నది ఒకటి. గుండెలో మిగిలిన గడ్డ గోడకు అతుక్కుని చదునుగా ఉందా, లోపలికి పొడుచుకొచ్చి ఊగుతోందా అన్నది రెండోది. ఊగే గడ్డ ఊడిపడే ముప్పు ఎక్కువ. చిన్న పక్షవాతం, ఊగే గడ్డ అయితే తొందరగా మొదలుపెట్టడం వైపు నేను మొగ్గుతాను. పెద్ద పక్షవాతం, చదును గడ్డ అయితే వారం పది రోజులు ఆగి, మళ్లీ సీటీ తీసి మొదలుపెట్టడం మేలు. పెద్ద పక్షవాతం, ఊగే గడ్డ రెండూ ఉంటే అదే అన్నింటికంటే కష్టమైన తీర్పు. అలాంటప్పుడు ఆసుపత్రిలోనే ఉంచి, అవసరమైతే వెంటనే ఆపగలిగేలా సెలైన్‌లో హెపారిన్ అనే రక్తం పల్చబడే మందు జాగ్రత్తగా ఎక్కించడం ఒక దారి. ఆపరేషన్ చేసి గడ్డ తీయడం చాలా అరుదు.

నేను ఆ అబ్బాయితో చెప్పింది ఒక్కటే. "ఇద్దరు డాక్టర్లనూ ఫోనులో మాట్లాడుకోమను. మందు మొదలుపెట్టే తేదీ ఒకే కాగితం మీద రాయించుకో." సిగ్గుపడకుండా అడగండి. అది మీ హక్కు.

ఎసిట్రోమా, కొత్త మాత్రలా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. రక్తం పల్చబడే మందుల్లో రెండు దారులున్నాయి. పాతదారిలో వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా రాసే ఎసిట్రోమ్ ఉన్నాయి. కొత్తదారిలో అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ ఉన్నాయి. గుండెలో గడ్డకు దశాబ్దాలుగా వాడింది పాతవే. కొత్తవాటి మీద అమెరికాలో 514 మంది రికార్డులు చూసి 2020లో రాసిన ఒక అధ్యయనం, వీటితో గడ్డ ముక్కలు ఊడిపోవడం ఎక్కువగా కనిపించిందని హెచ్చరించింది. తర్వాత రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి పోల్చిన చిన్న పరిశోధనలు వచ్చాయి. మొదట వచ్చినవి ఒక్కొక్కటీ వందమంది కూడా లేనివే. వాటిలో కొత్త మాత్రలు పాతవాటికి తీసిపోలేదు. 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, వార్ఫరిన్‌కు బదులు ఇవి వాడటం సబబేనని చెప్పింది. 2023 యూరప్ మార్గదర్శకాలు కూడా రెండింటినీ ఒప్పుకున్నాయి. కాబట్టి "కొత్తది గొప్ప, పాతది చెత్త" అని గానీ, "పాతదే నమ్మకం" అని గానీ ఎవరైనా చెబితే వినకండి. ఎవరికి ఏది అన్నదే ప్రశ్న.

ఎసిట్రోమ్ మాత్ర చవక. కానీ దానితోపాటు రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష వస్తుంది. ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. మొదట్లో వారంలో రెండు మూడు సార్లు కూడా చూడాల్సి రావచ్చు. పక్షవాతం వచ్చిన మనిషిని ఎవరో ఒకరు ఎత్తి ఆటో ఎక్కించి, పట్నం తీసుకెళ్లి, రక్తం ఇప్పించి, సాయంత్రం రిపోర్టు తెచ్చి డాక్టరుకు చూపించాలి. ఆ ఎవరో ఒకరి రోజు కూలి పోతుంది. మాత్ర ధరతో దీన్ని కలిపి లెక్కేస్తే చవక అన్న మాట చాలా ఇళ్లలో నిలబడదు. కొత్త మాత్రలకు ఇప్పుడు రకరకాల కంపెనీల జనరిక్‌లు వచ్చి ధర ఒకప్పటికంటే బాగా తగ్గింది. ఐఎన్ఆర్ చూపించుకునే వీలు లేని ఊళ్లో ఉన్నవాళ్లకు, మంచం మీద ఉన్నవాళ్లకు నేను కొత్తవాటి వైపే మొగ్గుతాను.

తిండి సంగతి. ఎసిట్రోమ్ వాడేవాళ్లు ఆకుకూరలు పూర్తిగా మానేయాలనుకుంటారు. అక్కర్లేదు. వారానికి ఎంత తింటారో అంతే, ఎప్పుడూ ఒకేలా తినాలి. ఆషాఢమని నాలుగు రోజులు వరసగా మునగాకు కూర, మునగాకు పప్పు తిని ఐఎన్ఆర్ పడిపోయిన ఒక పెద్దావిడ నాకు బాగా గుర్తు. కొత్త మాత్రలకు ఈ బెడద లేదు. కానీ రివరాక్సబాన్ పెద్ద మోతాదు మాత్రలు అన్నంతోపాటే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టవు.

మరిచిపోయే అలవాటుంటే? ఎసిట్రోమ్, వార్ఫరిన్ ప్రభావం మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. కొత్త మాత్ర ఒక పూట తప్పితే కొన్ని గంటల్లోనే రక్షణ తగ్గిపోతుంది. అపిక్సబాన్, డాబిగాట్రాన్ రోజుకు రెండుసార్లు వేయాలి. పరీక్ష లేదు కదా అని అశ్రద్ధ చేసేవాళ్లకు కొత్తవి ప్రమాదమే.

ముక్కులో గొట్టం ఉన్న రోగి విషయంలో అపిక్సబాన్, రివరాక్సబాన్ మాత్రలను పొడిచేసి గొట్టంలో ఇవ్వవచ్చు. డాబిగాట్రాన్ క్యాప్సూల్‌ను విప్పి ఇవ్వకూడదు, విప్పితే మందు ఎక్కువగా ఒంట్లోకి వెళుతుంది. గొట్టం వేసి ఇంటికి పంపేటప్పుడు ఈ ముక్క నర్సును అడిగి తెలుసుకోండి.

కిడ్నీలు దెబ్బతిన్న షుగర్ రోగులు మన దగ్గర ఎక్కువ. డాబిగాట్రాన్ చాలావరకు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అపిక్సబాన్ పావువంతు మాత్రమే అలా పోతుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా కొత్త మాత్ర మొదలుపెట్టకూడదు.

కొందరికి మాత్రం పాతదే సరైనది. గుండెలో లోహపు కవాటం అమర్చుకున్నవాళ్లు, చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరం వల్ల మైట్రల్ కవాటం బాగా సన్నబడినవాళ్లు, యాంటీఫాస్ఫోలిపిడ్ అనే గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లు వార్ఫరిన్, ఎసిట్రోమ్‌ల మీదే ఉండాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్లలో కొత్త మాత్రల మోతాదు రక్తంలో బాగా పడిపోతుంది, పడిపోయిందని తెలిపే మామూలు పరీక్ష ఉండదు. ఎసిట్రోమ్ కూడా తగ్గుతుంది గానీ ఐఎన్ఆర్ చూసి పెంచుకోవచ్చు. పక్షవాతం తర్వాత ఫిట్స్ వచ్చి ఫెనిటాయిన్ రాస్తే అదీ ఇలాగే అడ్డుపడుతుంది. లెవెటిరాసెటమ్ లాంటిది కుదురుతుందా అని నరాల డాక్టరును అడగండి.

స్టెంట్ మాత్రలతో కలిపితే

స్టెంట్‌కు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి ఇంకో మాత్ర, గడ్డకు మూడోది. మూడూ నెలల తరబడి కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ల మీద 2019లో వచ్చిన అగస్టస్ పరిశోధనలో ఆస్పిరిన్ తీసేసినవాళ్లకు రక్తస్రావం తగ్గింది. అదే ఆలోచనతో ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఆస్పిరిన్‌ను వారం నుంచి నెలలోపు ఆపి, క్లోపిడోగ్రెల్, గడ్డ మందు రెండింటినీ కొనసాగిస్తారు. ఆపే తేదీని స్టెంట్ వేసిన డాక్టరే చెప్పాలి.

క్లోపిడోగ్రెల్ బదులు రాసే ప్రాసుగ్రెల్ మాత్రం పక్షవాతం వచ్చిన మనిషికి ఇవ్వకూడదు. గుండె కవర్‌లో ఆ పేరు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. టికాగ్రెలార్ ఉన్నా, గడ్డ మందుతో కలిపేటప్పుడు క్లోపిడోగ్రెల్‌కు మార్చాలా అని అడగండి. కడుపు కాపాడటానికి గ్యాస్ మాత్ర రాస్తారు. క్లోపిడోగ్రెల్‌తో ఒమెప్రజోల్ కంటే పాంటోప్రజోల్ మంచిది. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు, పారాసెటమాల్ చాలు. నల్లటి మలం, ఆగని ముక్కు రక్తం, తల పగిలిపోయే నొప్పితో వాంతి ఏది వచ్చినా పొద్దున దాకా ఆగకండి.

మూడు నెలల తర్వాత

మామూలుగా మూడు నెలలకు మళ్లీ స్కాన్ చేస్తారు. గడ్డ పోయి, కొన కొంతైనా కదులుతుంటే గడ్డ మందు ఆపవచ్చు. గడ్డ ఇంకా ఉంటే కొనసాగిస్తారు. పోయినా కొన అలాగే ఉబ్బి కదలకుండా ఉంటే కొందరు ఆరు నెలల దాకా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం ఉంచుతారు. మొదటి ఎకో ఎక్కడ తీశారో వీలైతే అక్కడే తీయించండి, పాత సీడీ పట్టుకెళ్లండి. పోల్చి చూడటానికి అదే ఆధారం.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. "గడ్డ కరిగిపోయింది, మందు ఆపేయండి" అన్న మాట విని ఇంట్లోవాళ్లు క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర కూడా ఆపేస్తారు. ఆపేది గడ్డ మందు ఒక్కటే. ఆ మాత్ర పేరు మీద డాక్టరు చేత పెన్నుతో గీత గీయించుకోండి.

ఆ పెద్దాయనకు మెదడు దెబ్బ మధ్యస్థం, గడ్డ చదునుగా ఉంది. పక్షవాతం వచ్చిన ఆరో రోజు సీటీలో రక్తం లేదని చూసి, ఏడో రోజున అపిక్సబాన్ మొదలుపెట్టారు. కిడ్నీలు బాగున్నాయి, వాళ్ల ఊరికి ల్యాబ్ దూరం. ఆస్పిరిన్ నెలకు ఆపారు. మూడు నెలల ఎకోలో గడ్డ లేదు. కుడిచేతి వేళ్లలో బలం ఇంకా పూర్తిగా రాలేదు. రోజూ పొద్దున వాళ్లబ్బాయి ఆయన చేత పిండి ముద్ద పిసికిస్తున్నాడు. మొన్న వచ్చినప్పుడు కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టుకొచ్చాడు. మొదటి పేజీలో మాత్రల పట్టిక, ప్రతి పేరు పక్కన ఎప్పటిదాకా వాడాలో తేదీ ఉంది. క్లోపిడోగ్రెల్ పక్కన ఇంకా తొమ్మిది నెలలు మిగిలి ఉంది.